బెంగ అనగా నేమి?

అప్పలనరసింహం పెట్టిన సెలవు చీటీ సోమవారం ఆఫీసరుగారి గదిలోకి వెళ్లి, మంగళవారం మధ్యాహ్నం బయటికొచ్చింది. సంతకం లేదు. సంతకం ఉండాల్సిన చోట ఎర్రసిరాతో గుండ్రటి అక్షరాలు మాత్రం ఉన్నాయి: ‘బెంగ అనగా నేమి? దాని పుట్టుక యెక్కడ? వివరించిన పిమ్మట సెలవు సంగతి ఆలోచింపబడును.’

ఆ కాగితం పట్టుకుని భోజనానికి వచ్చిన కొడుకు మొహం చూసి సూరమ్మ ఎండదెబ్బ అనుకుంది. మజ్జిగ ఇచ్చింది. తాగాడు. కాగితం చదివి వినిపించాడు. అప్పుడు ఆవిడ ఎండదెబ్బ తగిలింది ఆఫీసరుకి అనుకుంది.

“ఏటీ, బెంగంటే ఏటో తెల్దా ఆయనకి? పెళ్లాం పిల్లలు నేరేటి?”

“అందరూ ఉన్నారమ్మా. గుంటూరు కాడున్నారు. తెలీక కాదు, ఆయనకి మాటల పిచ్చి.”

పలాసలో ఆ ఆఫీసులో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన పిచ్చే అది. అనంతపద్మనాభంగారు మంచివాడు. లంచం ముట్టడు, కేకలెయ్యడు. కాని ఒక మాట ఆయన కళ్లబడిందా, అది ఏ ఊరిదో ఎవరి కడుపున పుట్టిందో తేలేదాకా దాన్ని వదలడు, దాన్ని తెచ్చినవాణ్నీ వదలడు. ఆయన బల్లమీద ఆఫీసు కాగితాలు ఒక పక్క, నిఘంటువులు మూడు పక్కలా. కిందటేడు ఒక గుమాస్తా పాపం విరేచనాలని చెప్పి పూట సెలవడిగితే, ఆ మాట సంస్కృతంలో ఖాళీ చెయ్యడం అనే ధాతువులోంచి ఎలా ఊడిపడిందో ముప్పావుగంట నిలబెట్టి చెప్పాడు. ముప్పావుగంటయ్యాక ఆ గుమాస్తాకి సెలవుతో పని లేకపోయింది, వేరే పంచెతో పని పడింది. అప్పట్నించీ ఆ ఆఫీసులో ఎవరికి ఏమొచ్చినా ‘జ్వరం’ అనే రాస్తారు. జ్వరం పుట్టుక ఆయనకి ఎప్పుడో తేలిపోయింది గనక అడగడు. పన్ను పీకించుకున్నా జ్వరమే, పిల్ల పుట్టినా జ్వరమే.

“మరి నువ్వూ జొరవనే రాయకపోయావా, నాయినా?”

“కామాక్షికి జొరం నేదు కదమ్మా,” అన్నాడు అప్పలనరసింహం. అతనంతే. అబద్ధం రాస్తే కలం విరుగుతుందనుకునే రకం.

కామాక్షికి ఉన్నది బెంగే, సందేహం లేదు. ఆ పిల్ల ఫాల్గుణంలో పెళ్లై చైత్రంలో కాపురానికొచ్చింది. సుమ్మాదేవి స్టేషన్లో దిగి కొబ్బరితోటల్లోంచి సముద్రంకేసి కోసున్నర నడిస్తే ఆమె పుట్టిల్లు. వచ్చిన కొత్తలో బాగానే ఉంది. నవ్వింది, తిరిగింది, అత్తగారి తలలో పేలు కూడా చూసింది. పది రోజుల కిందట వాళ్లయ్య దగ్గర్నించి కబురొచ్చింది, ‘శుక్రవారం ఇల్లు విప్పుతున్నాం’ అని. ఇక ఆ పూటనుంచి పిల్లకి ముద్ద గొంతు దిగడం లేదు.

ఇల్లు విప్పడమంటే ఏ కొంపా మునిగిపోవడం కాదు. ఆ ఉద్దానం ఊళ్లలో తాటాకిళ్లకి మూడేళ్లకోసారి పాత కప్పు తీసేసి కొత్త తాటికమ్మ వేస్తారు. రోహిణికార్తె దాటితే ఏ పూట వాన పడేదీ తెలియదు కాబట్టి, పొద్దున్న విప్పిన ఇంటిని పొద్దుగూకేలోగా కప్పెయ్యాలి. కామాక్షి పుట్టింటివారికి ఇంకో ఆనవాయితీ ఉంది. చూరు దగ్గర మొదటి కమ్మ ఇంటి ఆడపిల్లే కట్టాలి. పెళ్లైన పిల్లైతే ఆమె మొగుడు కిందనుంచి ఆ కమ్మ అందివ్వాలి. కట్టకపోతే ఇల్లు ఆ పిల్లని మరిచిపోతుందట. మళ్లీ మూడేళ్లకి గాని గుర్తుపట్టదట.

“ఇల్లు మరిసిపోతాదంట, అత్తా,” అని కామాక్షి కళ్లు పెద్దవి చేసుకుని చెప్పినప్పుడు సూరమ్మ నవ్వలేదు. ఇళ్లకి ఎంత మతిమరుపో ఆవిడకి తెలుసు.

“ఎల్లుండి సాయంత్రం ఐదింటి బండెక్కాల. ఈలోగా బెంగ పుట్టుకేదో తెచ్చి ఆయన బల్లమీద పడీయాల. అంతే కద?” అంది సూరమ్మ, వంకాయలు తెచ్చి పడేస్తానన్నంత తేలిగ్గా. ఆవిడ చదువు రెండో తరగతిలో ఆగిపోయింది గాని జ్ఞాపకం ఎక్కడా ఆగలేదు. అరవయ్యేళ్లలో ఎవరు ఎవరితో ఏమన్నారో అన్నీ ఉన్నాయి లోపల. అందులో ఎక్కడో బెంగ పుట్టుక ఉండకపోతుందా? కోడలి కంచంలో మిగిలిపోయిన అన్నం ఒకసారి చూసి, కొంగు బిగించి బయల్దేరింది.

తిన్నగా వీధి చివర జీడిపిక్కల షెడ్డుకి వెళ్లింది. అక్కడ నలభైమంది ఆడవాళ్లు వరసలుగా కూర్చుని కాల్చిన పిక్కల్ని టకటకా కొట్టి పప్పు తీస్తున్నారు. జీడి అంటి చేతులు కాలకుండా బూడిద రాసుకున్నారు. ఆ బూడిద మొహాలకీ అంటి, నలభైమందీ ఒకే పెళ్లికి ఒకే డబ్బాలోంచి పౌడరు రాసుకొచ్చినట్టున్నారు. మార్తమ్మ వాళ్లలో పెద్దది. సూరమ్మకి పక్కింటి మనిషి. ఆదివారం గుడిలో ఆవిడ పాట ఎత్తుకుంటే పాస్టరుగారు పుస్తకం మూసేస్తాడని పేరు.

“ఒలే మార్తా, బెంగ ఎక్కడ పుట్టినాదే?”

మార్తమ్మ కర్ర ఆపలేదు. “ఏ బెంగ? ఎవుల్ది?”

“ఎవుల్దీ కాదే. ఒట్టి బెంగ. ఆ మాట.”

“ఒట్టి బెంగెక్కడుంటాదక్కా? ఒట్టి కడుపుంటాది, ఒట్టి సేతులుంటాయి. బెంగెప్పుడూ ఎవుల్దో ఒకల్దే.”

“అలగ కాదే. మొట్టమొదట ఎక్కడ పుట్టుంటాదీ అని.”

“అదా! ఏదెను తోటలో,” అంది మార్తమ్మ, మొన్ననే చూసొచ్చినట్టు. “ఆదామునీ అవ్వనీ గెంటీసిన మర్నాడే పుట్టుంటాది. ఆలకి కాదు, తోటకి. పళ్లు తినీవోలు నేక.”

“నీ మొహం! రైలుతో వొచ్చినాదే బెంగ,” అంది వెనక వరసలోంచి ఒకావిడ. “రైలు నేని రోజుల్లో ఎవులు ఎక్కడికెల్లీవోలు? ఈ పలాసకి టేసను కట్టినాకే మనకీ కర్మం.”

“మీ ఇద్దరికీ తెల్దు. అత్త పుట్టిన నాడు పుట్టినాది,” అంది కొత్తగా పెళ్లైన పిల్లొకతె. షెడ్డంతా గొల్లుమంది. ఆ పిల్ల అత్త పక్కనే కూర్చుని ఉంది. ఆవిడా గొల్లుమంది. “నా అత్త పుట్టిన నాడే. నాను కాదు,” అని ఒక తరం వెనక్కి తోసేసింది. నవ్వు ఎక్కువై ఎవరి కర్ర పిక్కమీద పడుతోందో ఎవరి కర్ర వేలిమీద పడుతోందో తెలియలేదు.

ఆఖరికి మార్తమ్మ కళ్లు తుడుచుకుంటూ, బూడిద ఇంకాస్త పూసుకుంటూ అడిగింది. “ఇంతకీ ఇదంతా ఎందుకక్కా?”

“మా నరసింవులు ఆఫీసులో అడుగుతన్నారే. బెంగంటే ఏటి, ఎక్కడినించొచ్చినాది, రాసిమ్మంటన్నారు.”

నలభై కర్రలూ ఒక్కసారి ఆగిపోయాయి.

“గవర్నమెంటోలా?” అంది మార్తమ్మ. “బెంగలు రాసుకుంటన్నారా?”

“ఆఁ, రాసుకుంటన్నారు,” అంది సూరమ్మ.

ఆవిడ చేసిన తప్పు ఆ ఒక్క మాటే. ఆ అరవై ఎనిమిదో సంవత్సరంలో ప్రభుత్వం ఏది రాసుకున్నా దాని వెనక ఏదో ఒకటి వస్తుందని అందరికీ తెలుసు. తలకాయలు రాసుకున్నారు, పంచదార కార్డులొచ్చాయి. పశువులు రాసుకున్నారు, టీకాలొచ్చాయి. ఇళ్లు రాసుకున్నారు, పన్నొచ్చింది. మంచో చెడో, రాసుకున్నవాడికి ఏదో ఒకటి తగులుతుంది, రాయించుకోనివాడు తరవాత ఏడుస్తాడు. కాబట్టి ఎక్కడైనా ఏదైనా రాసుకుంటున్నారంటే ఉద్దానం జనం ముందు వెళ్లి వరసలో నిలబడతారు. ఎందుకని తరవాత అడుగుతారు.

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసు బంట్రోతు పోలయ్య, అరవయ్యేళ్లు దగ్గరపడ్డ మనిషి, పంచె ఎగ్గట్టి సూరమ్మ ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

“సూరమ్మా, ఏటి సేసీసినావే? ఒకసారొచ్చి సూడు!”

వచ్చి చూసింది. వరస ఆఫీసు అరుగు మీద మొదలై, గేటు దాటి, రిక్షాల అడ్డా దాటి, టీకొట్టు చుట్టూ ఒక చుట్టు చుట్టుకుని, మళ్లీ రోడ్డెక్కింది. పిక్కలు కొట్టే ఆడవాళ్లూ, తోటల్లోంచి తెల్లారగట్ల బండ్లు కట్టుకొచ్చిన రైతులూ, చంకన కోళ్లతో ముసలమ్మలూ. సాయంత్రం పిక్కల షెడ్డు వదలడమే తడవుగా కబురు ఊరూరూ పాకిపోయింది. అప్పటికే ఒకాయన దారిలో వచ్చేవాళ్లకి సలహా చెబుతున్నాడు. “మనిసికి ఒక బెంగే రాత్తారంట. పెద్దదేదో సూసుకోండి.”

అనంతపద్మనాభంగారు గుమ్మంలోకొచ్చి కళ్లజోడు సర్దుకున్నారు.

“ఏమిటోయ్ ఈ జాతర?”

“బెంగలు రాయించుకోడానికొచ్చినారు బాబూ,” అన్నాడు పోలయ్య.

“ఎవరు రమ్మన్నారు? పంపించెయ్యి!”

పంపించేసేవాడే. కాని వరసలో మొదటివాడు పైడయ్య అనే రైతు. అతను తలగుడ్డ తీసి చేతులు కట్టుకుని, “అలగనకండి బాబూ. నా ఎద్దుని అమ్మీసినాను. అది బెంగెట్టుకుందో, నానెట్టుకున్నానో తెల్దు గాని, ఇద్దరమూ మేత ముట్టడం నేదు,” అన్నాడు.

ఆఫీసరుగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. మెల్లిగా దిగి జేబులో పెన్సిలు వెతుక్కుంది.

“ఏమన్నావూ? బెంగ... పెట్టుకున్నావా?”

“ఎట్టుకున్నాను బాబూ.”

“చూశావా అప్పలనరసింహం!” ఆయన గొంతు ఒక్కసారి పైకి లేచింది. “కోపం వస్తుంది. దుఃఖం వస్తుంది. ఏడుపు వస్తుంది. అవన్నీ వాటంతట అవే వస్తాయి. బెంగని మాత్రం మనమే పెట్టుకుంటాం! బొట్టు పెట్టుకున్నట్టు! ముప్పయ్యేళ్లుగా ఈ మాట వాడుతున్నాను, నాకెందుకు తోచలేదయ్యా? కొత్త రిజిస్టరు తియ్యి!”

కొత్త రిజిస్టరు వచ్చింది. ఆయనే స్వయంగా రూళ్లకర్రతో గీతలు గీశారు. పేరు, ఊరు, బెంగ ఎవరి మీద, పుట్టుక. నాలుగు గళ్లు. కింద ఆఫీసు ముద్ర, తన సంతకం. అప్పలనరసింహం దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అతన్నే రాయమన్నారు.

పుట్టుక అంటే ఆయన మనసులో ఉన్నది మాట పుట్టుక. వచ్చినవాళ్లు మాత్రం ఎవరి బెంగ పుట్టుక వాళ్లు చెప్పుకున్నారు.

“సంతలో పుట్టినాది బాబూ,” అన్నాడు పైడయ్య. “కుడేపు మూల, ఉల్లిపాయల కొట్టు కాడ. తాడు అవతలోడి సేతికిచ్చిన సోట.”

ఆయన దిద్దబోయి, ఎందుకో ఊరుకుని, “రాయి,” అన్నారు.

తరవాత ఒకావిడ. కూతుర్ని ఇచ్ఛాపురం అవతల ఇచ్చింది. “మనవడొచ్చినాడు బాబూ, నాతో ఒడియా మాటాడతన్నాడు. ఆకలేత్తందంటన్నాడో అవ్వ ముసిల్దంటన్నాడో తెల్దు. రెంటికీ బెల్లమే ఎట్టినాను.” ఆవిడ తరవాత సన్యాసయ్య. బర్మా యుద్ధం నాడు అన్నదమ్ములిద్దరూ రంగూన్ ఓడరేవుకొచ్చారట. గొడుగు మరిచిపోయానని అన్న వెనక్కెళ్లాడట. తమ్ముడు ఓడ మీద, అన్న ఒడ్డు మీద. “ఓడెక్కీ పలక లాగీసిన సోట పుట్టినాది బాబూ. ఇరవయ్యారేళ్లైంది. బతికే ఉన్నాడు. సీటీ రాసినాడు, గొడుగు దొరికినాదని.”

ఆఫీసరుగారు నవ్వాపుకోలేక నిఘంటువు వెనక మొహం దాచుకున్నారు. సన్యాసయ్యకీ నవ్వొచ్చింది. వరస వరసంతా నవ్వింది. అంతమంది బెంగ పెట్టుకున్నవాళ్లు ఒకచోట అంత సంబరంగా ఉండగా పలాసలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి అరవై మూడు బెంగలయ్యాయి. వరస మాత్రం ఉదయం కన్నా పొడుగైంది. అనంతపద్మనాభంగారు అరుగు మీద నిలబడి, “రేపూ ఎల్లుండీ కూడా రాసుకుంటాం! ఈ వారం ఆఫీసులో ఎవరికీ సెలవు లేదు!” అని ప్రకటించారు. ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోతోంది.

అప్పలనరసింహం ఇంటికొచ్చి వేళ్లు ఉప్పునీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు. “అమ్మా, అరవై మూడు బెంగలు రాసినాను. మన ఇంటిది ఒక్కటీ రాయనేదు. ఇంక సెలవు మాటెత్తితే రిజిస్టరుతో కొట్టీసేలా ఉన్నాడు.”

కామాక్షి గొడుగు సంగతి విని పకపకా నవ్వింది. నవ్వి, కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, మళ్లీ లేచిపోయింది. ఆ కంచం సూరమ్మ ఎత్తింది. బెంగ పుట్టుక తెస్తానని వెళ్లి, సెలవుకే చావు తెచ్చింది తను.

గురువారం పొద్దున్నే వెళ్లి వరస ముందు నిలబడి చేతులు ఊపింది.

“ఎల్లిపొండర్రా! ఏటీ ఇవ్వరు. పంచదారా నేదు, సీరా నేదు. నా మాటిని ఇళ్లకి పొండి!”

ఎవరూ కదల్లేదు. నిన్న రాయించుకున్న సన్యాసయ్య ఇవాళ మళ్లీ వచ్చి, ఊరికే చూడ్డానికని అరుగు మీద కూర్చున్నాడు. ఆయనే జవాబు చెప్పాడు.

“ఇవ్వకపోతే మానీయే సూరమ్మా. ఇంట్లో మా అన్న మాటెత్తితే అందరూ లేసి ఎల్లిపోతారు. ఈ బాబు బల్ల ఏసి కూకోబెట్టి, ‘తరవాతేమైందీ’ అని అడుగుతన్నాడు. ఇంకా పంచదార కూడా ఎందుకే?”

సూరమ్మ ఆయన్ని దాటుకుని లోపలికి పోబోయింది. “వరసలో రా! వరసలో రా!” అని రోడ్డు మీదనుంచి అరిచారు.

“వరసలోనే వొత్తాను. సూడండి!” అని ఇంటికెళ్లి, కామాక్షిని లేవదీసి, బండికని కట్టిపెట్టుకున్న మూట చంకనెట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని టీకొట్టు దగ్గర వరస చివర నిలబడింది.

ఎండ నడినెత్తికొచ్చింది. వరస నత్తలా పాకుతోంది. రెండైంది, మూడైంది. సూరమ్మకి ముందు నిలబడ్డవాడు బర్నబా, మార్తమ్మ మరిది. అతని బెంగ మీసం మీద. పెళ్లికి ముందు పెళ్లికూతురు అడిగిందని గీయించేశాడట. ఇప్పుడు పెంచుకోవచ్చు కదా అంటే, పెంచితే అది రాదట, వేరేది వస్తోందట. మంగలి కుర్చీ దగ్గర మొదలుపెట్టి ఎడమ కొన, కుడి కొన, మధ్య గీత, ఒక్కొక్కటి వర్ణిస్తున్నాడు. ఆఫీసరుగారు చెంపకి చెయ్యి చేర్చుకుని వింటున్నారు. గోడ గడియారం నాలుగూ పది.

“ఒరే బర్నబా, ఇంకో మీసం మొలిసీలోగా ముగించరా!” అని కేకేసింది సూరమ్మ.

నాలుగూ ఇరవైకి వాళ్ల వంతొచ్చింది. అప్పలనరసింహం తలెత్తి, ఎదురుగా తల్లినీ పెళ్లాన్నీ చూసి కలం సిరాబుడ్డిలో ముంచబోయి నీళ్లగ్లాసులో ముంచాడు.

“పేరడుగు,” అన్నారు ఆఫీసరుగారు. ఆయనకి వీళ్లెవరో తెలియదు.

“పేరు?” అన్నాడు అప్పలనరసింహం నీళ్లు నములుతూ.

“కన్నతల్లి పేరు తెల్దేట్రా నీకు?”

అరుగంతా గొల్లుమంది. ఆఫీసరుగారు ఒకసారి కొడుకునీ ఒకసారి తల్లినీ చూసి, “ఓహో,” అన్నారు. “బెంగ ఎవరి మీదమ్మా?”

“నాది కాదు బాబూ. ఈ గుంటది. సెప్పవే.”

కామాక్షి పలాస వచ్చాక పరాయి మగవాళ్ల ఎదుట నోరు విప్పింది లేదు. నేలచూపులు చూసింది. తరవాత మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆగలేదు.

“మా ఇంటి మీదండి. తాటాకిల్లండి. వానొత్తే పదమూడు సోట్ల కారతాదండి. పదమూడు గిన్నెలెడతామండి. ఒక్కోటి ఒక్కోలాగ మోగుతాదండి. కంచు గిన్నె టంగుమంటాది, మట్టిది బుడుంగుమంటాది. మా నానమ్మ మంచం కారని సోటుకి జరుపుకుంటా జరుపుకుంటా తెల్లారేసరికి ఇల్లంతా తిరిగొచ్చీసీదండి. రేపు ఆ కప్పు విప్పేత్తారండి. మొదటి కమ్మ నాను కట్టాలండి. ఇక్కడ అత్తోరిల్లు పెంకుటిల్లండి. ఒక్క సుక్క కారదండి. నిద్దరెలాగ పడతాదండి?”

అనంతపద్మనాభంగారి పెన్సిలు నోట్లోకి వెళ్లిపోయింది. “పదమూడు గిన్నెలు!” అన్నారు, సంగీతం విన్నవాడిలా. “రాయవయ్యా, రాయి. మరి ఈ బెంగ పుట్టుక ఎక్కడమ్మా?”

కామాక్షి అత్తకేసి చూసింది. సూరమ్మ ఒక అడుగు ముందుకేసింది.

“అది నాను సెప్తాను. రాయరా నరసింవులూ. పుట్టుక, పలాస. ఈ ఆఫీసు. ఈ బల్ల. మంగళవారం మజ్జాన్నం. ఎర్రసిరా.”

నిజానికి ఇందులో పది రోజుల అబద్ధం ఉంది. అప్పలనరసింహం చెయ్యి ఆగింది. తల్లి చూసింది. చెయ్యి కదిలింది. కలం ఏమీ విరగలేదు.

“అదేమిటమ్మా?” అన్నారు ఆఫీసరుగారు.

“అంతకుముందు ఈ పిల్లకున్నది ఆత్రం బాబూ. ఎల్తాను, కడతాను, వొత్తాను అనీసి. దారి తెరిసున్నంతసేపూ ఆత్రమే. అది మూసీసిన సోట బెంగ పుడతాది. సచ్చిపోయినోలకి ఏడుత్తాం, సరిపోద్ది. ఉన్నోలకి ఏడవనేం, ఎల్లనేం. దాన్నే కద బెంగన్నారు? మా వోడు సీటీ రాసినాడు. తమరు దారి మూసీసినారు.”

“నిజమే బాబూ,” అన్నాడు సన్యాసయ్య వెనకనుంచి. “పలక లాగీసినాకే నాకు బెంగ. అంతదాకా కోపమే, గొడుగు కోసం పోనాడని.”

ఆఫీసరుగారు రిజిస్టరు తనకేసి తిప్పుకున్నారు. ఆఖరి గడిలో వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చారు. సంత మూల తాడు చెయ్యి మారిన చోటు. ఓడ పలక. రైలు మెట్టు. మంగలి కుర్చీ. ఒక పేజీ తిప్పారు, ఇంకో పేజీ తిప్పారు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కసారి కుర్చీలోంచి లేచి బల్ల గుద్దారు. నిఘంటువు కిందపడింది.

“దొరికిందయ్యా! పుట్టుక దొరక్కపోతే పోనీ, అర్థం దొరికింది! ఇన్ని పుస్తకాల్లో ఒక్కడూ రాయలేదు!” అని కేరింతలు కొట్టి, అంతలోనే చివరి వరసమీద వేలు ఆగి, నీరుగారిపోయారు. “అమ్మా, ఈ పుస్తకం నేను పైవాళ్లకి పంపాలనుకుంటున్నాను. ఇందులో బెంగ నా బల్లమీద పుట్టిందని ఉంటే ఎలాగ? కింద నా సంతకమే ఉందే!”

“కొట్టీండి.”

“రిజిస్టరులో ఎక్కింది కొట్టెయ్యకూడదు.”

“అయితే పక్కన రాయండి, తీరిపోనాదని.”

ఆయన రూళ్లకర్ర అందుకున్నారు. నాలుగు గళ్ల పక్కన ఐదో గడి గీశారు. పైన ‘తీరిన తేదీ’ అని రాశారు. అప్పుడు అప్పలనరసింహం జేబులోంచి తీసిచ్చిన సెలవు చీటీ అందుకుని, “బెంగ అనగా...” అని వివరం రాయడం మొదలుపెట్టారు. గడియారం నాలుగూ నలభై.

“బాబూ! అర్థం తరవాత రాసుకుందురు గాని, ముందు సంతకం!” అని అరిచింది సూరమ్మ.

సంతకం పడింది. ఐదో గడిలో గురువారం తేదీ పడింది. అది చూసి అరుగు మీదున్నవాళ్లందరూ, “మాకూ ఆ గడి కావాల! మా దానికీ తేదీ ఎయ్యండి!” అని బల్ల చుట్టూ మూగారు. అనంతపద్మనాభంగారు తలమీద చేతులు పెట్టుకుని, “వేస్తానయ్యా, ఒక్కొక్కళ్లూ! ముందు పైడయ్యని పిలవండి, ఆ ఎద్దుని కొన్నవాడెవడో కనుక్కుందాం!” అంటున్నారు. ఆ సందట్లో సూరమ్మ కొడుకునీ కోడల్నీ రెక్కలు పట్టుకుని బయటికి లాగింది.

స్టేషనుకి పరుగు. ముందు పోలయ్య మూట నెత్తినెట్టుకుని “తప్పుకోండి, తప్పుకోండి, బెంగ తీరిపోనాది!” అని అరుస్తూ, వెనక కామాక్షి చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ వెనక అప్పలనరసింహం సిరా వేళ్లతో. బండి అప్పటికే కూతేసింది. పిల్లలిద్దర్నీ ఎక్కించి, మూట అందిద్దామని సూరమ్మ మెట్టెక్కింది. దిగేలోగా బండి కదిలింది.

“ఓలమ్మో! నాకు టిక్కెట్టు నేదే!”

“జొరమని సెప్పమ్మా,” అన్నాడు అప్పలనరసింహం. జన్మలో అతను వేసిన మొదటి జోకు అదే.

శుక్రవారం తెల్లారేసరికి ఇల్లు విప్పేశారు. గోడలు, వాసాలు, పైన ఆకాశం. ఆ వాసాల మధ్య పిచ్చుకలు తమ ఇల్లేదని వెతుక్కుంటున్నాయి. కామాక్షి చీర కుచ్చెళ్లు దోపుకుని నిచ్చెనెక్కి చూరు దగ్గర నిలబడింది. కింద అప్పలనరసింహం తాటికమ్మని రెండు చేతుల్తో, సెలవు చీటీ ఇచ్చినంత వినయంగా, పైకెత్తాడు. ఈనె పైకుండాలో కిందికుండాలో ఆఫీసులో ఎవరూ చెప్పలేదు.

“ఓలప్పో! బావా! తిరగేసి ఇత్తావేటి? అది కాయితం కాదు, కమ్మ!”

మూడు నెలల్లో ఆ పిల్ల గొంతు అంత బిగ్గరగా సూరమ్మ వినలేదు. ఊరు ఊరంతా పనాపి నవ్వింది. అప్పలనరసింహం కమ్మ తిప్పాడు. కామాక్షి పళ్లతో తాడు బిగించి, మూడు ముళ్లేసి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి చూసింది. కదల్లేదు. అప్పుడు అక్కణ్నించే కిందికి చూసి కేకేసింది.

“అత్తా! ఆకలేత్తంది!”

సూరమ్మ వంట పాకలోకి పరిగెత్తింది. పెద్ద గిన్నెలో చద్దన్నం, ఉల్లిపాయ, ఆవకాయ బద్ద.

“దిగవే మరి. కూకొని తిను.”

“దిగనత్తా. దిగితే ఈలు మళ్లీ ఎక్కనివ్వరు. అక్కడినించే అందించీ.”

అందించింది. కామాక్షి నిచ్చెన మీదే నిలబడి, ఒక చెయ్యి చూరుకి చుట్టి, ఇంకో చేత్తో తిన్నది. గిన్నె ఖాళీగా కిందికొచ్చింది. మళ్లీ నిండుగా పైకెళ్లింది. సముద్రం వేపు మబ్బు కమ్ముతోంది. “ఒలే, కమ్మ కడతావా, అన్నం తింటావా? వానొచ్చీలాగుంది!” అని పైన వాసం మీదనుంచి వాళ్లయ్య అరుస్తున్నాడు.

“తిననీ అన్నయ్యా, వానాగుతాది గాని,” అని, మూడోసారి గిన్నె నింపడానికి సూరమ్మ పాకలోకి నడిచింది.